పరులకు జరిగే నష్టానికి మన పూచీ: ఎంత బీమా ఉంటే చాలు?

ట్రాక్టరు కొనుగోలుకు ఋణం మంజూరైన రోజున రైతు సోదరులు అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడే: వడ్డీ ఎంత, వాయిదా ఎంత, ఎన్నేళ్ళలో తీర్చాలి? బీమా ప్రస్తావన రాగానే, అది బ్యాంకు కాగితాలలో ఒకటిగా భావించి సంతకం చేసి ఊరుకుంటారు. బండి కాలిపోయినా, దొంగతనానికి గురైనా బ్యాంకు బాకీ మునిగిపోకుండా బీమా కాపాడుతుందన్నది అందరికీ తెలిసినదే. కాని ఆ బండి వల్ల మరొకరి ప్రాణం పోయినప్పుడు మీ పొలాన్ని, మీ ఇంటిని కాపాడేది అదే కాగితంలోని మరొక భాగమన్న సంగతి చాలామంది గమనించరు. ఆ రెండవ భాగం ఎంత ఉండాలి, ఎక్కడ చాలదు, చాలని చోట ఏమి చేయాలి అన్న విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా వంటి దేశాలలో కారు బీమా, ఇంటి బీమా పరిమితులు దాటిన బాధ్యతను భరించేందుకు విడిగా ఒక పాలసీ తీసుకునే అలవాటు ఉన్నది. అన్నిటి పైనా పట్టిన గొడుగు వంటిది కనుక దానిని గొడుగు పాలసీ అంటారు. అది సాధారణంగా పది లక్షల డాలర్ల లెక్కన అమ్ముడవుతుంది. మన దేశంలో సామాన్య కుటుంబాలకు అటువంటి పాలసీ వాడుకలోకి రాలేదు. మనకున్నవి వేర్వేరు పాలసీలలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న గొడుగులు. వాటి మధ్య ఖాళీలు ఎక్కడున్నాయో చూసుకోవడమే మన పని.

రైలు పట్టణంలో ఈ ప్రశ్న ఎందుకు?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైలు కొలువులకు వచ్చినవారి సంతతి నేటికీ రైల్వే కాలనీలలోను, పట్టణంలోను నివసిస్తున్నది. 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు ఇక్కడే నెలకొన్నది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కూడా ఈ పట్టణం కేంద్రంగానే పని మొదలుపెట్టింది. పదవీ విరమణ సొమ్ముతో మినీ ట్రక్కు కొని కిరాయికి తిప్పేవారు, చుట్టుపక్కల పొలం కౌలుకు చేసేవారు, ఎరువుల దుకాణమో విడిభాగాల దుకాణమో నడిపేవారు ఇటువంటి పట్టణంలో ఉండడం సహజం.

ఇక్కడ ఒక విశేషమున్నది. నవంబరులో ధాన్యం కొనుగోళ్ళు మొదలుకాగానే తఖత్‌పూర్, బిల్హా, మస్తూరీ వైపు నుంచి ధాన్యపు ట్రాలీలు రోడ్లెక్కుతాయి. అదే రోడ్డు మీద నెల జీతం అందుకునే లోకో పైలట్, గార్డు, గుమాస్తా స్కూటరు మీద డ్యూటీకి వెళుతుంటారు. ప్రమాదం జరిగితే పరిహారం ట్రాక్టరు యజమాని తాహతును బట్టి నిర్ణయం కాదు. నష్టపోయిన వ్యక్తి ఆదాయాన్ని, వయస్సును, అతనిపై ఆధారపడినవారి సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం విషయం అర్థమైనట్లే.

లెక్క ఎలా కడతారు?

మోటారు ప్రమాద పరిహారాన్ని లెక్కించే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో ఒక క్రమంలో పెట్టింది. 2017 అక్టోబర్ 31న రాజ్యాంగ ధర్మాసనం దానిని మరింత స్పష్టం చేసింది. మృతుని ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కొంత కలుపుతారు. అతని సొంత ఖర్చుల కింద కొంత తీసివేస్తారు. మిగిలిన దానిని ఏడాదికి లెక్కగట్టి, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు.

రెండు ఉదాహరణలు చూడండి. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ళ వడ్రంగి మరణించాడనుకుందాం. ఆధారపడినవారు నలుగురు. స్వయం ఉపాధి కనుక 40 శాతం పెరుగుదల కలిపితే 21,000. అందులో నాలుగవ వంతు తీసివేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయస్సుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబం కోల్పోయిన సాహచర్యం వంటి పద్దులు, వడ్డీ దీనికి అదనం.

ఇక పన్ను పోగా నెలకు 60,000 వచ్చే 38 ఏళ్ళ రైల్వే ఉద్యోగి విషయం. స్థిరమైన ఉద్యోగం కనుక 50 శాతం పెరుగుదల కలిపితే 90,000. నాలుగవ వంతు పోగా 67,500. ఏడాదికి 8,10,000. గుణకం 15. మొత్తం 1,21,50,000 రూపాయలు. అక్షరాలా కోటీ ఇరవై ఒక్క లక్షల యాభై వేలు. ఇది అరుదైన వ్యక్తి లెక్క కాదు. రైల్వే కాలనీలో ఏ వీధిలోనైనా కనిపించే ఉద్యోగి లెక్క.

“నాకున్నది మూడెకరాలు, నా దగ్గర ఏం వసూలు చేస్తారు?” అని ప్రశ్నించేవారున్నారు. వారు ఒక నిబంధనను గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ ధృవపత్రం పంపితే, ఆ సొమ్మును కలెక్టరు భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును. సివిల్ న్యాయస్థానపు జప్తులో వ్యవసాయదారుని నివాసగృహానికి, వ్యవసాయ పనిముట్లకు, పశువులకు చట్టం కొంత రక్షణ ఇస్తున్నది. పొలానికి అటువంటి రక్షణ లేదు. తాతల నాటి భూమి ఒక్క సాయంత్రపు ప్రమాదంతో చేయి దాటిపోవచ్చును.

ఉన్న గొడుగు పెద్దదే, చిల్లులు ఎక్కడ?

ఊరట కలిగించే మాట ముందు చెప్పుకుందాం. మన దేశంలో తప్పనిసరి థర్డ్ పార్టీ పాలసీ, మూడవ వ్యక్తి మరణం లేదా గాయం విషయంలో, ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత చెల్లించే విధంగా రూపొందినది. కనుక ఈ భాగంలో “ఎంత మొత్తం” అన్న ప్రశ్నకు తావు తక్కువ. పాలసీ నిజంగా వర్తిస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. వర్తిస్తే కోటి రూపాయలైనా సంస్థే భరిస్తుంది. వర్తించకపోతే మొదటి రూపాయి నుంచీ మీదే భారం.

మొదటి చిల్లు, గడువు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు 3 ఏళ్ళు, కొత్త ద్విచక్ర వాహనాలకు 5 ఏళ్ళు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి వచ్చింది. ట్రాక్టరుకు ఆ ఏర్పాటు వర్తించలేదు, ఏటేటా పునరుద్ధరించుకోవలసిందే. బ్యాంకు బాకీ ఉన్నంతకాలం ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అప్పు తీరిన మరుసటి ఏడాది ఎవరూ గుర్తుచేయరు. బాకీ లేదన్న ధృవపత్రం చేతికందిన సంతోషంలో పాలసీ మురిగిపోతుంది. బండి పాతబడి బ్రేకులు బలహీనపడే వేళకు బీమా కూడా లేకుండా పోవడం ఎంతటి అపాయమో ఆలోచించండి.

రెండవ చిల్లు, ట్రాలీ. ఇంజనుకు పాలసీ ఉన్నది, వెనుక తగిలించిన ట్రాలీ వివరాలు పాలసీలో లేవు. ప్రమాదం ట్రాలీ వల్ల జరిగితే వివాదం అక్కడే మొదలవుతుంది. రెండింటి నంబర్లూ పాలసీ పత్రంలో ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి.

మూడవది అన్నిటికన్నా పెద్ద చిల్లు, మనుషుల రవాణా. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో వెళుతున్న ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది మరణించారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద మూసీ కాల్వలో ట్రాక్టరు బోల్తాపడి 15 మంది కన్నుమూశారు. ఛత్తీస్‌గఢ్‌లోనే 2024 మే 20న కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు సేకరించి తిరిగివస్తున్న బైగా గిరిజనుల సరుకు వాహనం లోయలో పడి 19 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఈ దుర్ఘటనలన్నిటిలో ఒకే పోలిక కనిపిస్తుంది: సరుకు కోసం చేసిన బండిలో మనుషులు ఎక్కారు.

సరుకు వాహనంలో ఊరకే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. సరుకు యజమాని, లేదా అతని ప్రతినిధి, తన సరుకు వెంట ప్రయాణిస్తే చట్టం రక్షణ ఇస్తుంది. పెళ్ళివారికి, జాతరకు వెళ్ళేవారికి, నాట్లకు వెళ్ళే కూలీలకు ఆ రక్షణ ఉన్నదని భావించకండి. పదిహేను కుటుంబాల పరిహారం ఒక్క యజమాని మీద పడితే దానికి సరిపడే ఆస్తి ఏ గ్రామంలోనూ ఉండదు. యజమాని సర్వం కోల్పోతాడు, బాధితులకూ న్యాయం దక్కదు. ఈ చిల్లుకు మాసిక వేసే పాలసీ కోసం వెతకవద్దు. మనుషులను ఎక్కించకపోవడమే దీనికి మందు.

నాలుగవది లైసెన్సు. సరైన లైసెన్సు లేనివాడు నడిపితే, సంస్థ ముందు బాధితునికి చెల్లించి తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకునేందుకు 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు అవకాశం కల్పించింది. 7,500 కిలోల లోపు బరువుగల వాహనాలకు తేలికపాటి వాహన లైసెన్సు చాలునని 2017లో వెలువడిన నిర్ణయాన్ని 2024 నవంబర్ 6న రాజ్యాంగ ధర్మాసనం ధృవీకరించింది. ఇది చిన్న రవాణా వాహనాల వారికి మేలు చేసేది. కాని లైసెన్సే లేని పద్నాలుగేళ్ళ కుర్రవాడికి స్టీరింగు అప్పగిస్తే మాత్రం బీమా మాట అటుంచండి, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు గాని యజమానికి గాని 3 ఏళ్ళ వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును.

ఐదవది వినియోగం. సొంత వ్యవసాయానికని బీమా చేసి ఇసుక, ఇటుకల కిరాయికి తిప్పితే పాలసీ షరతు ఉల్లంఘించినట్లే. కిరాయి ఆదాయం వస్తున్నప్పుడు దానికి తగిన ప్రీమియం కట్టడమే వివేకం.

మొత్తం ఎంచుకోవలసిన చోట్లు

ఇంతవరకు చెప్పినది పాలసీ వర్తించడం గురించి. ఇక మొత్తాన్ని మీరే నిర్ణయించుకోవలసిన సందర్భాలు చూద్దాం.

ఇతరుల ఆస్తికి జరిగే నష్టం వీటిలో మొదటిది. చట్టం విధించిన కనీస మొత్తం 6,000 రూపాయలు మాత్రమే. కార్లకు, వాణిజ్య వాహనాలకు పాలసీలో సాధారణంగా 7,50,000 రూపాయల వరకు రక్షణ ఉంటుంది. కొద్దిపాటి ప్రీమియం తగ్గింపు కోసం దీనిని 6,000కు కుదించుకునే వీలున్నది. ఈ తగ్గింపును ఆశించవద్దని నా గట్టి సలహా. నేటి కారు తలుపు ఒక్కటి నొక్కుకుంటేనే 6,000 చాలదు. రైలు పట్టణంలో లెవెల్ క్రాసింగు గేటును ఢీకొన్నా, కరెంటు స్తంభాన్ని పడగొట్టినా ఎంత బిల్లు వస్తుందో ఊహించుకోండి.

రెండవది మీ దగ్గర పనిచేసేవారు. పనిలో గాయపడిన కార్మికునికి యజమాని పరిహారం చెల్లించాలన్న సూత్రం మన దేశంలో 1923 నాటి చట్టంతోనే స్థిరపడింది. జీతం మీద ఉన్న డ్రైవరుకు, బండి పనివారికి స్వల్ప అదనపు ప్రీమియంతో మోటారు పాలసీలోనే రక్షణ చేర్పించుకోవచ్చును. ఎంతమంది పనిచేస్తున్నారో అంతమందినీ చూపండి. ఇద్దరిని చూపి ఐదుగురితో పని చేయించుకోవడం పొదుపు కాదు.

మూడవది పొలం, బావి. 2022 జూన్‌లో జాంజ్‌గీర్-చాంపా జిల్లా పిహ్రీద్ గ్రామంలో ఇంటి పెరటిలోని బోరుగుంతలో పడిన బాలుణ్ణి 104 గంటలకు పైగా శ్రమించి ప్రాణాలతో వెలికితీశారు. చికిత్స బిలాస్‌పూర్‌లోనే జరిగింది. పనికిరాని బోర్లను పూడ్చి మూయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు జారీచేసింది. బోరు ఋణం తీసుకున్న ప్రతి రైతూ, నీరు పడని గుంతకు మూత వేయించే ఖర్చును కూడా ఋణ అంచనాలో భాగంగా భావించాలి. అడవిపందుల కోసం కంచెకు కరెంటు పెట్టడం వంటి చట్టవిరుద్ధ కార్యాల ఫలితాన్ని ఏ బీమా కూడా నెత్తిన వేసుకోదు.

డీలరు మిత్రులకు ఒక మాట

దుకాణదారుల సమగ్ర పాలసీలో అగ్నిప్రమాదం, దొంగతనంతోపాటు పబ్లిక్ లయబిలిటీ అనే విభాగం ఉంటుంది. బస్తాల దొంతర కూలి కొనుగోలుదారు కాలు విరిగితే పనికివచ్చేది అదే. చాలామంది సరుకు విలువను రూపాయితో సహా రాయించి, ఈ విభాగాన్ని మాత్రం నామమాత్రపు మొత్తంతో వదిలేస్తారు. సరుకు నష్టానికి ఒక హద్దు ఉన్నది; కొట్లో ఉన్నంతే పోతుంది. మనిషికి జరిగే నష్టానికి అటువంటి హద్దు లేదు. అందుచేత సరుకుకు ఎంత రాయిస్తారో, బాధ్యతకు అంతకన్నా తక్కువ రాయించకండి.

1984 డిసెంబరు నాటి భోపాల్ విషాదం తరువాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం వచ్చింది. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర పదార్థాలు నిర్వహించేవారు ఈ బీమా తీసుకోవడం తప్పనిసరి. తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా బాధితులకు తక్షణ సహాయం అందించడమే దాని లక్ష్యం. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది మరణించిన ఘటన తెలుగువారికి మరపురానిది. గ్యాసు, పురుగుమందులు పెద్ద ఎత్తున నిల్వ చేసే డీలర్లు ఈ చట్టం తమకు వర్తిస్తుందో లేదో తెలుసుకోవాలి.

ఇక మాట విషయం. 2020 జులై నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తయారీదారు ఇవ్వని హామీని విక్రేత సొంతంగా ఇచ్చి, అది నెరవేరక హాని కలిగితే విక్రేతే బాధ్యుడు కావచ్చును. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012లో తేల్చిచెప్పింది. “ఎకరానికి ఇన్ని బస్తాలు నాది పూచీ” అని కౌంటరు మీద చేయి వేసి పలికే మాటకు ప్రీమియం లేదు, పరిమితి లేదు.

ఎంత చాలు?

“పేదవాడికి ఇంత బీమా దండుగ” అన్న వాదన వినిపిస్తుంటుంది. అది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. వాయిదా కట్టడమే కష్టమైన ఏడాదిలో ప్రతి రూపాయీ బరువే. కాని లెక్కించవలసిన పద్ధతి వేరు. మీ ఆస్తి ఎంత అన్నదానితో మొదలుపెట్టకండి. మీ బండి, మీ బావి, మీ దుకాణం వల్ల ఒక్క రోజులో జరగగల పెద్ద నష్టం ఎంత అన్నదానితో మొదలుపెట్టండి. అందులో ఉన్న పాలసీ భరించేది తీసివేయండి. మిగిలినదానిలో బీమాతో పూడ్చగలిగినది బీమాతో పూడ్చండి. బీమా దొరకని దానిని నడవడితో పూడ్చండి. సొంత బండి చిన్న చిన్న గీతలకు, అద్దాలకు అదనపు రక్షణలు మానుకుని, ఆ సొమ్మును బాధ్యత వైపు మళ్ళించడం మంచిది. చిన్న నష్టాన్ని జేబు తట్టుకుంటుంది. పెద్ద నష్టాన్ని పొలం కూడా తట్టుకోలేదు.

మరొక పొరపాటు నివారించాలి. జీవిత బీమా, పంటల బీమా, యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, ఇవేవీ పరుల నష్టాన్ని భరించేవి కావు. నాలుగు పాలసీలున్నవాడు కూడా ఈ విషయంలో ఒట్టి చేతులతో ఉండవచ్చును.

ప్రమాదం జరిగిన వేళ గాయపడినవారిని ముందు ఆస్పత్రికి చేర్చండి. పోలీసులకు, బీమా సంస్థకు వెంటనే తెలియజేయండి. ఊరి పెద్దల సమక్షంలో రాజీ పత్రాలు రాసి, తప్పు ఒప్పుకుని సొమ్ము ముట్టజెప్పడం పాలసీ షరతులకు విరుద్ధం కావచ్చును. తొందరపాటు రాజీ వల్ల అటు బాధితుడు తనకు రావలసిన దానిలో కొంత భాగంతో సరిపెట్టుకుంటాడు, ఇటు మీరు బీమా రక్షణను కోల్పోతారు.

బ్యాంకుల వారికీ ఒక సూచన చేయదలచాను. ఋణ పత్రాల పరిశీలనలో బండి విలువకు బీమా ఉన్నదా అని చూస్తున్నట్లే, ట్రాలీ నంబరు చేరినదా, ఆస్తి నష్టపు పరిమితి కుదించలేదు కదా, పనివారు లెక్కలోకి వచ్చారా అని కూడా చూడాలి. ఋణం తీరిన రోజున ఇచ్చే ధృవపత్రంతోపాటు “బీమా ఇకముందు మీ బాధ్యత” అన్న ఒక్క వాక్యం తెలుగులోనో హిందీలోనో అచ్చువేసి ఇస్తే ఖర్చు ఏముంటుంది? పెద్ద పరిహారం కింద నలిగిపోయిన రైతు బ్యాంకు వాయిదా కూడా కట్టలేడు.

పరులకు నష్టం జరిగితే భరించే ఏర్పాటు ముందుగా చేసుకోవడం భయస్థుల లక్షణం కాదు. రోడ్డు మీద ఎదురుపడే అపరిచితుని కుటుంబం పట్ల మనం చూపే గౌరవం అది. ఈ కోతల కాలం ముగిసి బండ్లు రోడ్డెక్కేలోగా మీ పాలసీ కాగితం ఒకసారి తీయండి. గడువు తేదీ, ట్రాలీ నంబరు, వినియోగం, ఆస్తి నష్టపు పరిమితి, పనివారి సంఖ్య అనే ఈ ఐదు గళ్ళనూ చదవండి. అర్థం కాని చోట మీ శాఖలోని క్షేత్రాధికారిని అడగండి. అడిగి తెలుసుకోవడానికి ప్రీమియం లేదు.